బ్లూగ్రాస్: పాతదనిపించే కొత్త పాట

'జానపదం' అన్న మాటను మన సాహిత్య చర్చల్లో చాలా ఉదారంగా వాడుతుంటాం. కర్త ఎవరో తెలియకూడదు, కాలం తెలియకూడదు, ఊరందరి ఉమ్మడి సొత్తయి ఉండాలి, నోటి నుంచి నోటికి రావాలి. ఇవి ఉంటే జానపదం, లేకుంటే కాదు అని విద్యార్థులు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఈ నిర్వచనాన్ని ఇబ్బంది పెట్టే సంగీతం ఒకటి అమెరికాలో ఉంది. దాని పేరు బ్లూగ్రాస్. మొదటిసారి విన్నవాడికి అది రెండు వందల ఏళ్ళ నాటి కొండపల్లెల పాట అనిపిస్తుంది. కాని దాని నిర్మాతల పేర్లు మనకు తెలుసు. అది రూపు దిద్దుకున్న సంవత్సరం తెలుసు. దాన్ని ప్రసారం చేసిన రేడియో స్టేషనూ, ఆ స్టేషనును నడిపిన ఇన్సూరెన్సు కంపెనీ కూడా తెలుసు. అయినా అది శ్రామికుల పాటే. పల్లె బాణీలను ఉద్యమంలోకి తెచ్చుకున్న సాహిత్యానికి వారసులమైన మనం ఈ వైరుధ్యాన్ని కొంచెం నిలబడి చూడడం అవసరమని నా ఉద్దేశం.

2023 మే నెలాఖరున మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ పట్నంలో జరిగిన డెల్‌ఫెస్ట్ అనే ఉత్సవానికి వెళ్ళాను. మా మేనల్లుడు వాషింగ్టన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. అతని కారులో పడమరగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం. "మామయ్యా, అక్కడ మనవాళ్ళెవరూ ఉండరు మరి" అని ముందే హెచ్చరించాడు. అతను చెప్పింది నిజమే. వేలమంది శ్రోతల్లో తెల్లవాళ్ళు కానివారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కంబర్లాండ్ ఒకప్పుడు రైల్వే, బొగ్గు, గాజు, టైర్ల పట్నం. కెల్లీ-స్ప్రింగ్‌ఫీల్డ్ టైర్ల ఫ్యాక్టరీ 1987లో మూతబడింది. ఇప్పుడు ఊళ్ళోకి వెళితే పెద్ద పెద్ద ఇటుక భవనాలు, వాటికి తగ్గ జనం లేకపోవడం కనిపిస్తాయి. ఉత్సవం జరిగే మైదానం పొటోమాక్ నది ఉత్తరపాయ ఒడ్డున ఉంది. పక్కనే గూడ్సు బళ్ళు పోతుంటాయి. పాట మధ్యలో కూత వినిపిస్తే జనం చప్పట్లు కొడతారు. ఈ సంగీతంలో రైలు పాటలు లెక్కకు మించి ఉన్నాయి కాబట్టి ఆ కూత వాళ్ళకు అంతరాయం కాదు.

ఉత్సవానికి పేరిచ్చిన డెల్ మెకూరీ 1939లో పుట్టాడు. నేను విన్ననాటికి ఆయనకు 84 ఏళ్ళు. తెల్లటి జుట్టు పైకి దువ్వి, సూటు, టై, చేతిలో గిటారు. ఇద్దరు కొడుకులు రానీ, రాబ్ అతని బృందంలోనే మాండొలిన్, బ్యాంజో వాయిస్తారు. 1963లో బిల్ మన్రో దగ్గర చేరేటప్పటికి డెల్ బ్యాంజో వాద్యకారుడు. మన్రో అతని చేతిలో గిటారు పెట్టి పాడమన్నాడు. ఆ కొలువు ఏడాదికి మించి సాగలేదు. తర్వాత చాలా కాలం పెన్సిల్వేనియాలో కలప నరికే పని చేస్తూ సెలవు రోజుల్లో పాడుతూ బతికాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, బ్లూగ్రాస్ చరిత్రలో ఇది మినహాయింపు కాదు, దాదాపు నియమం.

వేదిక మీద నన్ను మొదట ఆకట్టుకున్నది సంగీతం కాదు, మనుషుల కదలిక. మధ్యలో ప్రధానమైన మైకు ఒకటి. అయిదుగురూ దాని చుట్టూ గుమిగూడి ఉంటారు. పాడేవాడు దగ్గరగా వస్తాడు. చరణం అయిపోగానే వెనక్కి జరుగుతాడు. ఫిడేలువాడు భుజం పక్కకు వంచి ఆ ఖాళీలోకి వచ్చి తన వంతు వాయిస్తాడు. అతను తప్పుకునే లోపే మాండొలిన్ ముందుకు వస్తుంది. పల్లవికి మూడు తలలు మైకు చుట్టూ చేరతాయి. ఎవడూ ఎవడినీ తాకడు. ఎవరి శబ్దం ఎంత వినబడాలో నిర్ణయించేది యంత్రం ముందు కూర్చున్న ఇంజనీరు కాదు, వాయించేవాడి అడుగు. ఒకడు వాయిస్తున్నప్పుడు మిగతా నలుగురు తగ్గాలి. తగ్గడం కూడా వాయించడమే. రేడియో తొలినాళ్ళలో ఒక్క మైకే ఉండడం వల్ల వచ్చిన పద్ధతి ఇది. వసతులు వచ్చాక చాలామంది వదిలేశారు. డెల్ బృందం పట్టుదలగా తిరిగి తెచ్చిన కొద్దిమందిలో ఒకటి. బుర్రకథలో కథకుడు ముందుకు వచ్చి వెనక్కి తగ్గడం, హాస్యం చెప్పే వంతా రాజకీయం చెప్పే వంతా అందుకోవడం చూసినవారికి ఈ శిల్పం వెంటనే పట్టుబడుతుంది. షేక్ నాజర్ దళం వేదిక మీద నిలబడ్డ తీరును పెద్దవాళ్ళు వర్ణించగా విన్నాను. లేమిలోంచి వచ్చిన పద్ధతి అక్కడా కళ అయింది, ఇక్కడా అయింది.

ఇక వాద్యాల సంగతి. డోలు లేదు, మృదంగం లేదు, ఏ తాళవాద్యమూ లేదు. నిలువెత్తు బాస్ ఫిడేలు ఒకటి, మూడు మాత్రల దగ్గర బరువుగా పడుతుంది. రెండు, నాలుగు మాత్రల దగ్గర మాండొలిన్‌వాడు తీగలను గట్టిగా కొట్టి వెంటనే ఎడమచేతి పట్టు వదులుతాడు. స్వరం చచ్చిపోయి 'చక్' అన్న చప్పుడు మిగులుతుంది. డోలు చేసే పని తీగ చేస్తుందన్నమాట. దీని మీద బ్యాంజో పరుగు. వినేవాడికి అది వడగళ్ళ వానలా అనిపిస్తుంది కాని దాని లెక్క చాలా సరళమైనది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, మూడింటికీ తొడుగులుంటాయి. ఒక ఆవర్తంలో ఎనిమిది స్వరాలు రావాలి. వేళ్ళు మూడు. ఎనిమిదిని మూడు నిశ్శేషంగా భాగించదు. కాబట్టి ముఖ్యమైన ఒక వరసలో అది మూడు, మూడు, రెండుగా విరుగుతుంది. ఛందస్సు చదివిన విద్యార్థికి ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు: రెండు త్రిమాత్ర గణాలు, ఒక ద్విమాత్ర. కింద బాస్ మాత్రం సరిసంఖ్యలోనే నడుస్తుంటుంది. పైన మూడు, కింద నాలుగు. రెండూ ఆవర్తం చివర కలుసుకుంటాయి, మళ్ళీ విడిపోతాయి. ఈ సంగీతంలో వేగం అని జనం అనుకునేదానిలో సగం వేగం కాదు, ఈ రాపిడి.

బ్యాంజోకు అయిదో తీగ ఒకటి పొట్టిది, మెడ మధ్యలోంచే మొదలవుతుంది. దాని మీద ఎడమచేతి వేళ్ళు దాదాపు వెళ్ళవు. రాగం ఎటు పోయినా అది ఒకే స్వరం పలుకుతుంటుంది. మనకు శ్రుతి తంబురా ఎట్లాగో ఇదీ అట్లాగే. కాని ఇది తెల్లవాడి తీగ కాదు. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా జనం వాయించే అకోంటింగ్ అనే బుర్ర వాద్యానికి ఇటువంటి పొట్టి తీగే ఉంది. ఎండిన సొరబుర్ర, దాని మీద తోలు, కర్ర మెడ. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు ఈ జ్ఞానాన్ని అమెరికా తెచ్చారు. ఈ వాద్యం నల్లవారు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నదని థామస్ జెఫర్సన్ 1785లో అచ్చయిన తన పుస్తకంలోనే నమోదు చేశాడు. ఆయనే వందలాది బానిసలకు యజమాని. 19వ శతాబ్దంలో తెల్లవాళ్ళు ముఖాలకు మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే నాటకాల్లో ఈ వాద్యాన్ని వాడారు. అక్కడి నుంచి కొండపల్లెల ఇళ్ళలోకి చేరింది. ఒక వాద్యం చేతులు మారిన చరిత్ర అంటే ఇంత ఉంటుంది.

బ్లూగ్రాస్ అంటే నీలిగడ్డి. అది కెంటకీ రాష్ట్రపు ముద్దుపేరు. ఆ రాష్ట్రంలో రోసీన్ అనే పల్లెలో 1911లో పుట్టిన బిల్ మన్రో తన బృందానికి ఆ పేరు పెట్టుకున్నాడు. ఎనిమిదిమంది పిల్లల్లో కడసారివాడు. అన్నలు ఫిడేలు, గిటారు తీసుకోగా మిగిలిన మాండొలిన్ ఇతనికి దక్కింది. పదేళ్ళకు తల్లి, పదహారేళ్ళకు తండ్రి పోయారు. ఫిడేలు వాయించే మేనమామ ఇంట్లో కొంతకాలం గడిపాడు. ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి వాద్యకారుడి వెంట పల్లె నాట్యాలకు వెళ్ళి గిటారు వాయించాడు. షుల్ట్జ్ 1931లో పోయాడు. అతని వాదన ఒక్క నిమిషం కూడా రికార్డు కాలేదు. మన్రో మాత్రం అతని పేరు మరచిపోలేదు. యువకుడిగా మన్రో ఇండియానా రాష్ట్రానికి వలస వెళ్ళి వైటింగ్‌లోని చమురు శుద్ధి కర్మాగారంలో పీపాలు కడిగాడు, మోశాడు. బ్లూగ్రాస్ 'నాగరికత తాకని కొండల పాట' అనేవారు ఈ పీపాలను గుర్తుంచుకోవాలి.

1939లో మన్రో నాష్‌విల్ నగరంలోని గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కార్యక్రమంలో చేరాడు. 1925లో మొదలై ఈనాటికీ సాగుతున్న కార్యక్రమం అది. దాన్ని ప్రసారం చేసిన డబ్ల్యూ.ఎస్.ఎం. స్టేషను ఒక ఇన్సూరెన్సు కంపెనీది. ఆ మూడక్షరాలు 'లక్షలమందికి రక్షణ' అనే అర్థమొచ్చే కంపెనీ నినాదంలోనివి. ఆ కంపెనీ బీద కుటుంబాలకు జబ్బు, ప్రమాదాల పాలసీలు అమ్మేది. పాట విన్న ఇంటికి ఏజెంటు వెళ్ళి తలుపు తట్టేవాడు. మన్రో బృందం ఎండాకాలమంతా మన సురభి వారిలాగే సొంత డేరా వేసుకుని ఊరూరా తిరిగేది. 1945 డిసెంబరులో ఉత్తర కరోలినా నుంచి ఎర్ల్ స్క్రగ్స్ అనే యువకుడు వచ్చి చేరాడు. యుద్ధకాలంలో దారపు మిల్లులో పనిచేసినవాడు. మూడువేళ్ళ బ్యాంజో పద్ధతి పూర్తి రూపంలో వినబడింది అతని చేతుల్లోనే. గిటారు మీద లెస్టర్ ఫ్లాట్, ఫిడేలు మీద చబీ వైజ్, బాస్ మీద హొవార్డ్ వాట్స్, మాండొలిన్‌తో మన్రో. ఈ అయిదుగురు కలిసినప్పుడు వచ్చిన శబ్దానికే తర్వాతి దశాబ్దంలో జనం బ్లూగ్రాస్ అని పేరుపెట్టారు. 1948లో ఫ్లాట్, స్క్రగ్స్ విడిపోయి సొంత బృందం కట్టుకున్నారు. కలిసి ఉన్నది రెండేళ్ళ చిల్లర.

వినేవారు ఎవరు? బొగ్గు గనుల్లో యంత్రాలు వచ్చి పని పోయిన కుటుంబాలు, వ్యవసాయం గిట్టని కుటుంబాలు లక్షల సంఖ్యలో ఒహాయో, డెట్రాయిట్, బాల్టిమోర్ ఫ్యాక్టరీలకు వలసపోయిన కాలం అది. పని వేగం పెరిగింది, ఇల్లు దూరమైంది. సంగీతంలోనూ అదే జరిగింది: లయ యంత్రంలా పరుగెత్తుతుంది, దాని మీద గొంతు పైస్థాయిలో ఒంటరిగా వేలాడుతుంది. డెల్ ఆ రాత్రి పాడినప్పుడు ఆ ఎత్తైన గొంతుకు పైన ఒకటి, కింద ఒకటి మరో రెండు గొంతులు తోడు నిలిచాయి. మూడు గొంతులు మూడు వేర్వేరు స్వరాల్లో ఒకే మాటను పలకడం మన సంప్రదాయంలో లేదు. మన చెవికి అది మొదట అపశ్రుతిలా కూడా తోచవచ్చు. కాసేపటికి, ఒంటరితనాన్ని ముగ్గురు కలిసి పాడడంలోని వింత అర్థమవుతుంది.

కర్తృత్వం సంగతి తీసుకుందాం. ఆ రాత్రి జనం అరిచి అడిగిన పాటల్లో ఒకటి మోటారు సైకిల్ మీద ప్రేమకథ. 1991లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ థాంప్సన్ రాసినది. 2001లో డెల్ దాన్ని రికార్డు చేస్తూ ఇంగ్లండులోని ఒక కొండ పేరు తీసేసి టెనిసీలోని నాక్స్‌విల్ పేరు పెట్టాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన అది తాతల నాటి పాటేనన్నాడు. జానపదం తయారవడానికి శతాబ్దాలు పట్టనవసరం లేదు, ఒక ఊరి పేరు మారితే చాలు. కర్త పేరు రికార్డు మీద ఉంది, అతనికి రాబడి వెళుతుంది. అంతవరకు బాగానే ఉంది.

లెస్లీ రిడిల్ విషయంలో అంత బాగా లేదు. 1927లో టెనిసీ సరిహద్దులోని బ్రిస్టల్ పట్నంలో కార్టర్ కుటుంబం మొదటి రికార్డులు ఇచ్చింది. బ్లూగ్రాస్‌వాళ్ళందరూ తమ పాటలకు మూలంగా చెప్పుకునే కుటుంబం. ఎ.పి. కార్టర్ పల్లెలు తిరిగి పాటలు సేకరించేటప్పుడు కొంతకాలం వెంట ఉన్నవాడు రిడిల్, నల్లవాడు, సిమెంటు కర్మాగారంలో ప్రమాదం జరిగి కాలు పోగొట్టుకున్నవాడు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ బాణీ గుర్తుపెట్టుకునేవాడు. హక్కు పత్రాల మీద మాత్రం కార్టర్ పేరే పడింది. ఆప్రీ వేదిక మీద తొలి తారల్లో ఒకడైన నల్లజాతి హార్మోనికా వాద్యకారుడు డిఫర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. తర్వాత ఆయన బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. మైదానంలో రంగు మనుషులు ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబు ఆ రోజు శ్రోతల అభిరుచిలో లేదు, ఇటువంటి పత్రాల్లో ఉంది. మనం ఊరికే వేలెత్తి చూపనక్కర్లేదు. పల్లెలో ఒక దళిత స్త్రీ పాడగా విన్న బాణీ మరొకరి పేరుతో తెర మీదికి ఎక్కడం మన సినిమాల్లో కొత్త సంగతి కాదు. 'కర్త తెలియదు' అన్న నిర్వచనం ఎవరికి లాభిస్తుందో పరిశోధక విద్యార్థులు ఆలోచించాలి. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. 2017లో బ్లూగ్రాస్ సంఘం వార్షిక సభలో నల్లజాతి గాయని రియానన్ గిడెన్స్ ప్రధానోపన్యాసం చేస్తూ ఈ చరిత్రనే వాళ్ళ ముందు పెట్టింది.

ఇప్పుడు వస్తువు. రెండు గంటల కచేరీలో నేను గమనించినంతలో పాటలన్నీ ఇల్లు, తల్లి, పాత గుడిసె, ప్రార్థన, రైలు, జైలు, చనిపోయిన ప్రియురాలు చుట్టూనే తిరిగాయి. ఇంటి మీద బెంగను తిరోగమనమని ఒక్క మాటతో కొట్టిపారేసే విమర్శ మనలో ఉంది. నేను దానితో ఏకీభవించను. ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చి రేడియో పెట్టుకున్న మనిషికి ఆ గుడిసె ఊహాలోకం కాదు, నిన్నటి దాకా బతికిన చోటు. బెంగకు కారణం ఉంది. లోపమల్లా పాటలో ఆ కారణం లేకపోవడమే. గుడిసె ఖాళీ అయిందని పాడతారు, ఎవరు ఖాళీ చేయించారో పాడరు. ఆ ఖాళీని మతమో మద్యమో నింపుతాయి. కారులో వస్తున్నంతసేపూ మా మేనల్లుడు పల్లెను తలచుకుని కుమిలే తెలుగు పాటలే పెట్టాడు. అతను పుట్టి పెరిగింది విజయవాడ గాంధీనగర్‌లో. బెంగ ఒకసారి సరుకయ్యాక అనుభవంతో పని ఉండదు.

ఈ రూపంలోనే ఉంటూ కారణాన్ని పాడిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు హేజెల్ డికెన్స్. 1925లో పశ్చిమ వర్జీనియా బొగ్గు ప్రాంతంలో పదకొండుమంది పిల్లలున్న ఇంట్లో పుట్టింది. తండ్రి గనులకు కలప తోలేవాడు, చర్చిలో బోధించేవాడు. ఆమె బాల్టిమోర్ వెళ్ళి ఫ్యాక్టరీల్లో పనిచేసింది. అన్న బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చనిపోయాడు. ఆ చావు మీద ఆమె కట్టిన పాటకు వాద్యసహకారం అవసరం లేదు, గొంతు ఒక్కటే. కొత్తగూడెం, గోదావరిఖని ఎరిగినవారికి ఆ పాటను అనువదించి చెప్పనక్కరలేదు. ఆలిస్ జెరార్డ్‌తో కలిసి ఆమె 1965లో మొదటి రికార్డు తెచ్చింది. అప్పటికి బ్లూగ్రాస్ బృందాన్ని ఆడవాళ్ళు నడపడం అరుదు. ఈ సంప్రదాయంలో స్త్రీ సాధారణంగా చావడానికే పాటలోకి వస్తుంది. ప్రియుడు నది ఒడ్డుకు తీసుకువెళతాడు, చంపుతాడు, చివరి చరణంలో పశ్చాత్తాపపడతాడు. హేజెల్ 'చెడిపోయిన' స్త్రీని వస్తువుగా తీసుకుని, ఆమెను అక్కడికి చేర్చిన మగవాళ్ళ వైపు ప్రశ్న తిప్పింది. కెంటకీలోని హార్లన్ కౌంటీలో 1973-74లో జరిగిన గని కార్మికుల సమ్మె మీద బార్బరా కోపుల్ తీసిన డాక్యుమెంటరీ 1976లో వచ్చి ఆస్కార్ పొందింది. అందులో హేజెల్ గొంతు వినిపిస్తుంది. అదే హార్లన్‌లో 1931 సమ్మెకాలంలో ఫ్లోరెన్స్ రీస్ అనే కార్మికుడి భార్య, నువ్వెవరి పక్షమో తేల్చుకోమని అడిగే పాట కట్టింది. ఒక చర్చి కీర్తన బాణీకే ఆ మాటలు పొదిగిందని చెబుతారు. బుర్రకథను, ఒగ్గుకథను, ఏలపాటను కొత్త వస్తువుతో నింపినప్పుడు మన ప్రజానాట్యమండలి 1943 నుంచి చేసిన పని ఇదే.

అయితే ఒక తేడా గమనించాలి. హేజెల్ పాటల్లో మేనిఫెస్టో భాష లేదు. దగ్గు ఉంది, కంపెనీ డాక్టరు ఉన్నాడు, శవపేటిక ఖర్చు ఉంది. కారణం పాటలోకి వివరంగా వచ్చింది, నినాదంగా రాలేదు. మన ఉద్యమ గేయాల్లో మంచివి కూడా ఇలాంటివే, లెక్కకు ఎక్కువైనవి మాత్రం కావు. హేజెల్ 2011లో చనిపోయింది. బ్లూగ్రాస్ ప్రముఖుల జాబితాలో ఆమెనూ ఆలిస్‌నూ చేర్చింది 2017లో.

వాద్యాల ప్రయాణం గురించి ఒక మాట పక్కన చెప్పి ముందుకు పోతాను. ఇటలీ నుంచి బయలుదేరిన మాండొలిన్ కెంటకీలో మన్రో చేతికి చిక్కినట్లే పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ చేతికీ చిక్కింది. మన్రోది నాలుగు జంటల ఎనిమిది తీగల వాద్యం, చేత్తో కొడితేనే శబ్దం. శ్రీనివాస్ దాన్ని అయిదు తీగల విద్యుత్ వాద్యంగా మార్చుకుని, గమకం పలకని తీగ మీద గమకం పలికించాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. వాద్యానికి స్వభావసిద్ధమైన సంస్కృతి ఏదో ఉంటుందని వాదించేవారికి ఈ ఇద్దరూ చాలు.

కచేరీ అర్ధరాత్రి ముందే ముగిసింది. కాని ఉత్సవంలో అసలు భాగం ఆ తర్వాతే మొదలవుతుందని అక్కడివారు అంటారు. మైదానం చుట్టూ డేరాల మధ్య చిన్న చిన్న వలయాలుగా జనం కూర్చుని తమ వాద్యాలు తీస్తారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన శ్రోతలే వీళ్ళు. వలయానికి నియమాలున్నాయి, ఎక్కడా రాసి ఉండవు. పాట ఎత్తుకునేవాడు పేరూ శ్రుతీ చెప్పాలి. వంతు ఇవ్వదలచిన మనిషి వైపు చూసి తల ఊపాలి. వాయించలేనివాడు తల అడ్డంగా ఊపితే వంతు పక్కవాడికి పోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. పాట ముగించబోయే ముందు ఎత్తుకున్నవాడు ఒక కాలు పైకెత్తుతాడు. అందరూ ఒక్కసారిగా ఆగుతారు. మేం నిలబడ్డ వలయంలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకతను రైల్వేలో రిటైరయ్యానన్నాడు. యాభై ఏళ్ళ స్త్రీ ఒకావిడ తన వంతు వచ్చినప్పుడు గిటారు ఒళ్ళో పడుకోబెట్టి, ఏ వాద్యమూ లేకుండా హేజెల్ పాట, ఆ ఊపిరితిత్తుల పాటే, పాడింది. మిగతావాళ్ళు తీగల మీద అరచేతులు ఆనించి ఉంచారు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి రైల్వే ఆయన శ్రుతి చెప్పి రైలు పాట ఒకటి ఎత్తుకున్నాడు, బాగా వేగంగా.